నింపాది

జూన్ 4

మావయ్యకి,

నీ వసపిట్ట నమస్కారాలు. ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది, కళ్లద్దాలు తుడుచుకుని కూర్చో. నాలుగు రోజులుగా నేను నోరు తెరవలేదు. ఎడమవైపు జ్ఞానదంతం వాచి దవడ బన్నులా పొంగింది. మాట్లాడితే చెవి దాకా సలుపు. నేను నాలుగు రోజులు నోరు మూసుకున్నానంటే అమ్మ చచ్చినా నమ్మదు.

గది పరుపుల దుకాణం పైన, మూడో అంతస్తులో. కింద రోజంతా దూది ఏకుతారు. కిటికీ తీస్తే చాలు, నువ్విచ్చిన బేస్ గిటార్ మీద తెల్లటి నూగు పేరుకుంటుంది. పొద్దునా సాయంత్రం తుడుస్తున్నాను. ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని నా గదిలో అమ్మాయి నవ్వింది. "మా మావయ్య ఫోనులో మాట్లాడడు. అందులో కింది స్వరాలు వినపడవు, అవి లేని గొంతు సగం గొంతు అంటాడు" అని కాగితం మీద రాసి చూపించాను. ఇంకా నవ్వింది.

కంపెనీవాళ్ల పరీక్ష సోమవారం అయింది. కొత్త బ్యాండు కడుతున్నారు, బేస్ వాయించడానికి పాతికేళ్ల లోపు వాళ్లు కావాలన్నారు. పదకొండు మందిమి వెళ్లాం. అందులో ఒకతన్ని చూసి అందరూ నవ్వుకున్నారు. గళ్ల చొక్కా ప్యాంటులోకి దోపి, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, అచ్చం ఆఫీసు గుమాస్తాలా ఉన్నాడు. ఆ పేరే పెట్టేశారు. అతను వాయించడం మొదలుపెట్టాక ఎవరూ నవ్వలేదు. ఒక్కో స్వరం ఎక్కడ పడాలో అక్కడే, అంతే బరువుతో పడింది. కంపెనీ మేడం మాత్రం అతను వాయించినంత సేపూ తన గోళ్లు చూసుకుంది.

తర్వాత నేను. పన్ను సలుపుతోంది కదా, తల వంచుకుని, మొహం బిగబట్టుకుని వాయించాను. పేరు అడిగితే చీటీ మీద రాసిచ్చాను. మేడం కుర్చీలోంచి లేచి, "చూశారా? ఈ అమ్మాయి మాట్లాడదు" అంది పక్కవాళ్లతో, నిధి దొరికినట్టు. నన్నే తీసుకున్నారు.

సంతోషంగానే ఉంది మావయ్యా, అబద్ధమెందుకు. కానీ గుమాస్తా బేస్ సంచిలో పెట్టుకుంటూ నా దగ్గరికొచ్చి "బాగా వాయించారండీ" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అత్తయ్యకి ముద్దులు.

నోరు మూతబడ్డ
నీ వసపిట్ట


జూన్ 13

చిరంజీవి వసపిట్టకి మీ మావయ్య ఆశీస్సులు.

ముందు పన్ను పీకించుకో. సంగీతం ఆ తర్వాత.

నీకు చోటు దొరికినందుకు మీ అత్తయ్య వీధంతా చెప్పుకొచ్చింది. నేనూ సంతోషించాను, కానీ ఆ పరీక్ష సంగతి చదివితే ఒళ్లు మండింది. గోళ్లు చూసుకునే మనిషికి బేస్ సంగతి ఏం తెలుసు? నిన్ను తీసుకోవద్దని కాదు. ఆ గుమాస్తాని ఎందుకు వదిలేశారో చెప్పు. నువ్వు రాసిన నాలుగు ముక్కల్లోనే అతను ఎంత పనివాడో తెలుస్తోంది. సిగ్గుపడకుండా అతని ఎదురుగా కూర్చుని నేర్చుకో.

మొన్న మన మరమ్మతు దుకాణానికి ఒక కుర్రాడొచ్చాడు. వాడి వీడియోలు లక్షల మంది చూస్తారట. బేస్ తెచ్చాడు, ఒళ్లంతా చమ్కీలు అంటించి ఉంది, తీగలు తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. తీగలు మారుస్తాను బాబూ అంటే, "వద్దంకుల్, మోగక్కర్లేదు. ఈ పక్కన చమ్కీలు రాలిపోయాయి, అవి అంటిస్తే చాలు" అన్నాడు. నలభై ఏళ్ల వృత్తిలో చెక్కకి గమ్ము రాసి చమ్కీలు అద్దిన రోజు అది. వాడు వెళ్లాక బల్ల రెండుసార్లు కడిగించాను.

నువ్వు అలా కావు. ఒక్క మాట గుర్తుంచుకో. డ్రమ్స్ వాయించేవాడి కుడికాలు చూడు, తాళం అక్కడుంటుంది. జనం మొహాలు చూడకు. పాట కింద గుమ్ముమంటూ నడిచే మన మోతని ఎవరూ పనిగట్టుకుని వినరు. అది ఆగితే మాత్రం ఏదో పోయిందని అందరూ తలెత్తి చూస్తారు. మన గౌరవం అంతవరకే, అది చాలు కూడా.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావో వెంటనే రాయి.

మీ మావయ్య


జూలై 9

మావయ్యకి,

పన్ను పీకేశారు. అదే తప్పయింది.

వాపు తగ్గిన మర్నాడు సాధన గదిలోకి వాగుకుంటూ వెళ్లాను. డ్రమ్స్ అబ్బాయి ఏదో అంటే పకపకా నవ్వాను కూడా. మేడం తలుపు దగ్గర నిలబడిపోయింది. "ఈ గొంతేంటి? ఈ నవ్వేంటి? ఇదంతా ఎక్కడ దాచావ్?" అంది. దొంగసరుకు పట్టుకున్నట్టు ఉంది ఆవిడ మొహం. అప్పటికే పోస్టర్లు అచ్చయిపోయాయట. వాటి మీద నా పేరు మౌని.

అప్పట్నుంచి నాకు నియమాలు పెట్టారు. బయట మాట్లాడకూడదు. పళ్లు కనిపించేలా నవ్వకూడదు. ఫోటోలో ఎప్పుడూ నేలకేసి చూడాలి. నల్లకోటు ఎండలో కూడా తీయకూడదు. వారంలో నాలుగు రోజులు ఫోటోలు, ఒక పూట సాధన. నేను కళ్లు మూసి తెరిచిన వీడియో ఒకటి ఇరవై లక్షల మంది చూశారు. దాంట్లో బేస్ లేదు మావయ్యా. కనురెప్పలే ఉన్నాయి.

పోయిన శనివారం ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. పదేళ్ల పిల్ల, నత్తి. "మా అమ్మాయి కూడా మీలాగే ఎవరితోనూ మాట్లాడదమ్మా. మిమ్మల్ని చూశాకే కాస్త ధైర్యం వచ్చింది దానికి" అంది. ఆ పిల్ల నన్ను చూసిన చూపు నీకెలా చెప్పను? నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మేడం నా భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. పిల్ల తల నిమిరి ఊరుకున్నాను. వెనక నుంచి ఫోటో తీశారు, అదీ నెట్‌లో పెట్టుకున్నారు. గదికొచ్చి చేతులు ఎంత కడుక్కున్నా అసహ్యం పోలేదు.

గుమాస్తాని కూడా ఉంచుకున్నారులే. నాకు జ్వరమొస్తే తెర వెనక వాయించడానికి.

ఒకటి మాత్రం నీకు నచ్చుతుంది. నా వాయింపు గురించి రాసినవాళ్లందరూ ఒకే మాట అంటున్నారు. స్వరం వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుందట, ఆ ఆలస్యంలోనే మత్తుందట. అది నీ నింపాది కదా! మీ బృందంలో అందరూ నిన్ను "నింపాది గురువుగారు" అనేవాళ్లని స్టూడియో ఇంజనీరుకి లిఫ్టులో గుసగుసగా చెప్పాను. ఆ మాట అతనికి తెగ నచ్చింది, అరచేతిలో రాసుకున్నాడు. నన్ను ఏదో పత్రికవాళ్లు కూడా అడిగారు. నేనెలాగూ మాట్లాడకూడదు కాబట్టి జవాబులు మేడమే చెప్పింది. అచ్చయ్యాక పంపిస్తాను.

నీ వసపిట్ట (ఇక్కడ మౌని, ఛీ)


ఆగస్టు 2

మహారాజశ్రీ మౌని గారి సముఖానికి,

మీ పత్రిక పంపించే శ్రమ మీకక్కర్లేదు. మంగలి దుకాణంలో గడ్డం గీయించుకుంటూ చదివాను. మొహం సగం నురగతో ఉండగా చదివాను కాబట్టి నా రంగు ఎవరికీ తెలియలేదు.

"ఈమెకు ఎవరూ నేర్పలేదు. తొమ్మిదేళ్ల వయసులో, తాళం వేసిన గదిలో, ఒంటరిగా, తనకు తానే కనుక్కుంది." చాలా బాగుంది. మా ఇంట్లో తాళం పడే గది స్నానాలగది ఒక్కటే. తమరు అందులో ఎప్పుడు వాయించారో గుర్తుందా అని మీ అత్తయ్యని అడిగాను. తనకీ గుర్తు లేదట.

ఇక్కడ వానలు పడుతున్నాయి. చెక్క ఉబ్బి రెండు గిటార్ల మెడలు వంకరపోయాయి, సరిచేస్తున్నాను. మీ అమ్మగారు కులాసా. తమరికి తీరిక ఉండదు కాబట్టి జవాబు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాత మరమ్మతులవాడు


ఆగస్టు 10

మావయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి ఏడుపు పోయి కోపం వచ్చింది.

ఆ మాట నేను అనలేదు. నాకు నోరు లేదని రాశాను కదా? మేడం చెబుతుంటే పక్కన బొమ్మలా కూర్చున్నాను. "మా మావయ్య నేర్పాడు" అని చీటీ రాసి బల్ల మీద తోశాను. ఆవిడ ఆ చీటీ మడిచి కాఫీ కప్పు కింద పెట్టింది. "మావయ్యలు అందరికీ ఉంటారమ్మా, తాళం వేసిన గది ఎంతమందికి ఉంటుంది?" అంది వాళ్లు వెళ్లాక.

ఇదంతా నువ్వు ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు. "తమరు" అన్నావు. అమ్మగారు కులాసా అని రాశావు, మా అమ్మ నీకు అక్క కాదన్నట్టు. నాకు ఏమనిపించిందో చెప్పనా? ముప్పై ఏళ్లు నువ్వు వెనక వరసలో నిలబడి వాయించావు, నీ ఫోటో ఎవరూ వేయలేదు. నాకు వేశారు. ఎంత చెత్త కారణంతో వేసినా వేశారు. నీకు కుళ్లు.

ఇలా రాయకూడదు. అయినా కొట్టేయను.

ఎంత చెత్త చుట్టూ ఉన్నా వాయింపు ఒక్కటి నాది. దాన్ని ఎవరూ తయారు చేయలేదు. ఆ నింపాది వినే వీళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. దాని కోసమే ఇక్కడ ఉన్నాను.

నీ మేనకోడలు


ఆగస్టు 21

వసపిట్టా,

తిట్టావు, బాగుంది. నా ఉత్తరానికి అదే సరైన జవాబు. చీటీ సంగతి చదివాక నా మొహం చూసుకోబుద్ధి కాలేదు. మీ అత్తయ్య నన్ను రెండు రోజులు పేరు పెట్టి మరీ కడిగింది.

కానీ నువ్వు ఇంకోటి రాశావు. వాయింపు ఒక్కటి నాది అని. అది చదివాక ఇక ఊరుకోవడం పాపం. విను.

నీకు ఐదేళ్లప్పుడు మన దుకాణం షట్టరు నా ఎడమచేతి మీద పడింది. నీకు గుర్తుండదు. ఉంగరపు వేలి నరం తెగింది. కుట్లు వేశారు, వేలు నిలిచింది కానీ తీగ మీదికి చప్పున దిగదు. చెప్పాక కాస్త ఆలోచించుకుని వస్తుంది. ఆ సంగతి బృందంలో తెలిస్తే నన్ను తీసేస్తారు. అప్పుడు ఒక ఉపాయం కనిపెట్టాను. ఆ వేలితో నొక్కే స్వరం ఒక్కటే ఆలస్యమైతే తప్పని తెలిసిపోతుంది. అందుకని అన్ని వేళ్లనీ దాని కోసం ఆపాను. అన్ని స్వరాలూ అంతే ఆలస్యంగా వేశాను. ఎవరో "ఆహా, ఏం నింపాది!" అన్నారు. నేను కాదనలేదు. చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. పదిహేడేళ్లుగా నవ్వుతూనే ఉన్నాను.

ఆ తర్వాత నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పాను. నేను చెప్పింది కాకుండా నా చెయ్యి చేసింది నేర్చుకున్నావు. నీ ఉంగరపు వేలికి ఏ జబ్బూ లేదే అమ్మడూ. నా వేలు వచ్చేదాకా ఆగడం దానికి అలవాటైంది. దిద్దగలిగేవాణ్ని. దిద్దితే నీకు తేడా తెలిసిపోతుంది, ఆ తర్వాత నా వాయింపులో తప్పు కూడా వినపడుతుంది. అందుకే దిద్దలేదు. చిన్నపిల్ల చెయ్యి పాడుచేసి నా పరువు కాపాడుకున్నాను.

కుళ్లు కాదు, రోత. ఆ పత్రిక మీద కొంత, మీ మేడం మీద కొంత. ఎక్కువ వాటా నా మీద. చమ్కీల కుర్రాణ్ని అంత తిట్టాను. వాడు చెక్క మీద అంటించుకున్నాడు, నేను తప్పు మీద అంటించుకున్నాను.

మీ మావయ్య


సెప్టెంబరు 12

మావయ్యా,

అంటే నాకున్నవి ఒక పన్ను నొప్పి, ఒక వేలి నొప్పి. అందులో రెండోది నీది. ఇంతేనా నేను?

నువ్వు ఒప్పుకోవడానికి రాశావని తెలుసు. కానీ నీ బరువు దిగింది, అది నా చేతిమీదకొచ్చింది. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు సాధనలో ఉంగరపు వేలిని చూస్తూ వాయించాను. నిజమే, అది ఆగుతోంది. నొప్పి లేదు, నరం బాగానే ఉంది, ఊరికే ఆగుతోంది. ఆపకుండా వేద్దామని చూస్తే ముందుకు పడిపోయాను. వెనక్కి లాగితే మరీ వెనక్కి పోయాను. డ్రమ్స్ అబ్బాయి కర్రలు కింద పెట్టి "ఏమైందక్కా?" అన్నాడు. మేడం "నీ మ్యాజిక్ ఏది?" అంది. చెప్పాలంటే షట్టరు దగ్గర మొదలుపెట్టాలి.

వచ్చే వారం పాటలు రికార్డు చేస్తారు. నవంబరు పదిన మూడేళ్ల ఒప్పందం మీద నా సంతకం కావాలన్నారు. పెడితే ఇదే బతుకు. పెట్టకపోతే పాడైన చెయ్యి ఒకటి సంచిలో పెట్టుకుని ఎక్కడికి పోవాలి?

కొన్నాళ్లు ఉత్తరం రాయను. నువ్వూ రాయకు.

మేనకోడలు


అక్టోబరు 18

నా తల్లీ,

రాయొద్దన్నావు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

మీ పాటలు విడుదలయ్యాయని ఫ్యాన్సీ దుకాణం అమ్మాయి చెప్పి, పెన్‌డ్రైవులో వేసి ఇచ్చింది. మరమ్మతుకొచ్చిన పెద్ద స్పీకర్లు ఉన్నాయి దుకాణంలో. షట్టరు సగం దించి, స్టూలు మీద కూర్చుని పెట్టాను. మొదటి పాటలో తడబడ్డావు. రెండో పాటకి కాస్త నయం. మూడో పాట మొదలైంది.

ఏం చెప్పను? ఆ నింపాది నాది కాదు. నాది భయపడుతూ ఆగేది, నీది భయం లేకుండా ఆగింది. ఒక్క తప్పు స్వరం దొర్లలేదు. పాడే అమ్మాయి ఊపిరి తీసుకునే చోట నాలుగు స్వరాలు దిగావు చూడు, అక్కడ నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తయ్య గరిటెతో సహా వచ్చి "ఏంటండీ ఆ ఏడుపు? ఎవరికేమైంది?" అంది. ఆమెకీ వినిపించాను. ఆమె గరిటె పట్టుకునే చివరిదాకా విన్నది.

నేను రాసిందంతా తప్పు. నీ చెయ్యి పాడుచేశాను అనుకున్నాను, నా చెత్తలోంచి నువ్వు సొంతంగా ఒకటి తీశావు. ఇది ఏ మేడమూ తయారు చేయలేదు. ఏ యంత్రానికీ చేతకాదు. ఇన్నేళ్లు విన్న చెవితో చెబుతున్నాను.

ఆ ఒప్పందం మీద సంతకం పెట్టెయ్. చుట్టూ ఎంత బురదైనా ఉండనీ. ఇలా వాయించనిచ్చే చోటు వదులుకోకు.

గర్వంతో
మీ మావయ్య


అక్టోబరు 19

మావయ్యా,

నేనే ఓడిపోయాను, నేనే రాస్తున్నాను. ఐదు వారాలు మాట్లాడకుండా ఉండడం నా వల్ల కాలేదు. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటుంది. మొన్న విడుదలైన ఐదు పాటల్లో మొదటిది ఒక్కటే నేను వాయించాను. అదీ ఎలా ఉందో నాకు తెలుసు.

రికార్డింగులో రెండో రోజు. నా చెయ్యి సమయానికీ పడలేదు, పాత ఆలస్యమూ రాలేదు. పద్దెనిమిది సార్లు వాయించాను. మేడం నన్ను తిట్టలేదు. గాజు అద్దం వెనక నుంచి గుమాస్తాని పిలిచింది. అతను కుర్చీ లాక్కుని, పెన్నులు తీసి పక్కన పెట్టుకుని, మిగతా నాలుగూ గంటన్నరలో పూర్తి చేశాడు. ఒక్కోటి ఒక్కసారే. అంతా సమయానికి, గీత గీసినట్టు.

"బాగుంది కానీ మౌనిలా లేదు" అంది మేడం. "దాందేముందండీ" అన్నాడు ఇంజనీరు. అతని బల్ల మీద ఒక గుండ్రటి మీట ఉంది. దాని కింద తెల్లటి టేపు ముక్క, దాని మీద నీలం సిరాతో రాసి ఉంది: నింపాది. నేను లిఫ్టులో చెప్పిన మాటే. నా పాత వీడియోలన్నీ కొలిచి సగటు తీశాడట. సెకనుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో పదిహేడు ముక్కల ఆలస్యం. మీట తిప్పాడు. గుమాస్తా వాయించిందంతా పదిహేడు ముక్కలు వెనక్కి జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. గుమాస్తా కూడా మర్యాదకి కొట్టాడు.

నీ వేలు మావయ్యా. షట్టరు కింద నలిగి, కుట్లు పడి, అన్నేళ్లు దాచుకున్న నీ వేలు. దానికి వాళ్లు అంకె వేసి మీటకి తగిలించారు. గోడవైపు తిరిగి నిలబడ్డాను.

పాటలు నీదాకా వస్తే నీకు ఇట్టే తెలిసిపోతుంది. నీ చెవిని ఎవరూ మోసం చేయలేరు. మూడో పాటని ఇక్కడ అందరూ మెచ్చుకుంటున్నారు, అది వింటే నువ్వు ఎలా ఛీ కొడతావో తలచుకుంటే నాకు కాస్త ఊపిరాడుతోంది. లోకంలో ఒక్కరికైనా తేడా తెలుస్తుంది కదా అని.

సంతకానికి మూడు వారాలే ఉంది. పెట్టనా, మాననా? నువ్వు ఏది చెబితే అది.

నీ వసపిట్ట


అక్టోబరు 26

వసపిట్టా,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. ఈపాటికి నాది చదివి ఉంటావు. చదివి ఏం చేశావో ఊహించుకోవడానికి ధైర్యం చాలడం లేదు.

నీది దుకాణంలో నిలబడే చదివాను. తర్వాత మూడో పాట మళ్లీ పెట్టాను. యంత్రం జాడ ఎక్కడైనా దొరుకుతుందేమోనని పోలీసువాడిలా వెతికాను. నాలుగుసార్లు విన్నాను. దొరకలేదు. పాడే అమ్మాయి ఊపిరి తీసుకునే చోట మళ్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి. తెలిసి కూడా తిరిగాయి! నా కళ్లు పీకి పారేయాలన్నంత రోత పుట్టింది.

నేను విన్నది నిన్ను కాదు, ఆ కుర్రాణ్నీ కాదు. నా వేలిని నేనే విన్నాను. మరొకరి మంచి చేతిమీద నా అవిటితనాన్ని కప్పి వినిపిస్తే, అది నాకు తియ్యగా ఉంది. ఎవరి వాయింపు ఏదో తెలియని మనిషి ఇన్నాళ్లూ నీకు చెవులు మెలేసి పాఠం చెప్పాడు. కనురెప్పలు చూసి మురిసిన ఇరవై లక్షల మందికీ నాకూ తేడా లేదు. వాళ్లు నయం, కనీసం సంగీతం విన్నామని చెప్పుకోలేదు.

నన్ను సలహా అడగకు. సంతకం పెట్టెయ్ అని రాసిన ముక్క కొట్టేసుకో. పెట్టొద్దు అని కూడా చెప్పను, ఆ మాట చెప్పడానికి కూడా ఒక చెవి కావాలి కదా.

ఒక్క పని చెయ్. ఆ పాటని మీట లేకుండా నీ ఎదురుగా వాయించమని ఆ అబ్బాయిని అడుగు. నువ్వు విను. తర్వాత నీకు తోచింది చెయ్.

సిగ్గుతో
మీ మావయ్య


నవంబరు 23

మావయ్యకి,

సంతకం పెట్టలేదు. ముందు అది చెప్పేస్తే నువ్వు మిగతాది కుదురుగా చదువుతావు.

సంతకం పెట్టెయ్ అన్న నీ ఉత్తరం చదివినప్పుడు ఏం చేశానని భయపడ్డావు కదా. నవ్వాను. గట్టిగా, పళ్లన్నీ కనపడేలా. గదిలో అమ్మాయి భయపడి నీళ్లు తెచ్చింది. నవ్వు అయిపోయాక నీ మీద జాలేసింది, ఆ తర్వాత నా మీద. దాని తర్వాతి ఉత్తరం వచ్చాక నువ్వు చెప్పినట్టే చేశాను.

మంగళవారం మధ్యాహ్నం సాధన గదిలో ఎవరూ లేరు. గుమాస్తా మూడో పాట వాయించాడు. మీట లేకుండా, మౌని లేకుండా, నువ్వు లేకుండా. అది బాగుంది. నీకంటే బాగుంది మావయ్యా. ఈ మాట రాయడానికి ఇంతసేపు పట్టింది, టీ చల్లారిపోయింది.

తిన్నగా మేడం దగ్గరికి వెళ్లి నోరు తెరిచాను. ఈసారి చీటీ రాయలేదు. అతన్నే స్టేజి మీద నిలబెట్టమన్నాను. "ఆ మొహాన్నా? పోస్టరు మీద వేస్తే కరెంటు ఆఫీసు నోటీసులా ఉంటుంది. చెవులతో చూసేవాళ్లు ఎంతమందున్నారు చెప్పు?" అంది. అయితే నేనూ ఉండనన్నాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. "సరే అమ్మా. నల్లకోటు ఇచ్చేసి వెళ్లు, మౌని మాది" అంది. అంతే.

గురువారానికల్లా కొత్త అమ్మాయి వచ్చింది. అదే జుట్టు కత్తిరింపు, అదే కోటు. పాపం, బేస్ ఏ భుజానికి తగిలించుకోవాలో కూడా తెలియదు. "నేనేం చెయ్యాలక్కా?" అని అడిగింది. "ఏమీ చెయ్యకూడదు, దానికే తీసుకున్నారు నిన్ను" అన్నాను. మొదటి కచేరీ అయిపోయింది. మౌని కాస్త సన్నబడిందని ఒకరెవరో రాశారట. ఇంకెవరూ ఏమీ అనలేదు.

గుమాస్తా అక్కడే ఉన్నాడు, తెర వెనక. నాకు ఒళ్లు మండి కడిగేశాను. "వాయించనిస్తున్నారు కదండీ" అన్నాడు. ఆ మాట విని కూడా అసహ్యం వేసింది, ఎవరి మీదో తెలియలేదు.

నేను కింద పరుపుల దుకాణంలో గలేబులు కుడుతున్నాను. దూదిలో కూర్చుని పొద్దస్తమానం మాట్లాడుతున్నాను, వాళ్లే విసుక్కుంటున్నారు. ఆదివారాలు గుమాస్తా వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. పెన్నుతో బల్ల మీద కొడతాడు, నేను ఒక్కో స్వరం వేస్తాను. ప్రతిసారీ ఆలస్యం. "మళ్లీ అండీ" అంటాడు. కోపం రాదు ఆ మనిషికి.

నిన్న ఒక స్వరం సరిగ్గా పడింది. ఒకే ఒక్కటి. పెన్ను చప్పుడు, నా తీగ ఒకటైపోయి పెన్ను చప్పుడు వినపడలేదు. గుమాస్తా తలూపాడు. నాకు సంతోషం వస్తుందనుకున్నాను. ఏడుపొచ్చింది. ఆ స్వరంలో నువ్వు లేవు మావయ్యా. తొమ్మిదేళ్లప్పట్నుంచి నా ఎదురుగా కూర్చున్న మనిషివి ఆ ఒక్క క్షణం లేచి వెళ్లిపోయావు. తర్వాత స్వరం కావాలనే ఆలస్యంగా వేశాను. గుమాస్తాకి అర్థమైనట్టుంది, పెన్ను జేబులో పెట్టుకుని ఇవాళ్టికి చాలన్నాడు.

ఇలా నేర్చుకుంటూ పోతే నువ్వు నా చేతిలోంచి రోజుకింత పోతావు. వాళ్ల మీటలో మాత్రం ఉంటావు. నీ పేరు తెలియనివాళ్లు, నీ మొహం చూడనివాళ్లు ఎవరికి కావాలంటే వాళ్లకి నిన్ను తిప్పి పెట్టుకుంటారు. నేను అది ఆపలేను. నాకన్నిటికన్నా అసహ్యం అదే.

వచ్చే ఆదివారం గుమాస్తా మళ్లీ వస్తానన్నాడు. రమ్మన్నాను.

నీ మేనకోడలు